స్వామి పోయాడు, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

నవంబర్ 26 దగ్గర పడుతోంది. 2022లో ఆ రోజే శివన్నగూడెం అంశల స్వామి చనిపోయాడు. పేరు చెబితే గుర్తురాని వాళ్ళు ఉంటారేమో గానీ, ఫొటో చూపిస్తే నల్లగొండ జిల్లాలో గుర్తుపట్టని మనిషి ఉండడు. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఆయనది. కాళ్ళూ చేతులూ వంకర తిరిగి, ఒళ్ళు పిల్లవాడంతే ఉండిపోయి, ముఖం మాత్రం పెద్దమనిషిది. ఫ్లోరైడ్ గురించి ఎక్కడ ఏ వార్త వచ్చినా పక్కన ఆయన బొమ్మ ఉండేది. ఆ రోజుకు ముందే ఈ ఉత్తరం వేస్తారని ఆశ. పొడుగైందని నాకూ తెలుసు. కత్తిరించక తప్పకపోతే ముందు భాగం తీసేయండి, చివర రాసిన కోరికలు మాత్రం వదలకండి.

నేను చండూరు వైపు ఒక ఊళ్ళో పంచాయతీ వాటర్‌మన్‌గా పనిచేస్తున్నాను. తెల్లవారక ముందే లేచి గేట్‌వాల్ తిప్పి వాడవాడకూ నీళ్ళు వదలడం నా పని. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం రాకముందు బోరు మోటరు వేసి ట్యాంకు నింపేవాణ్ణి. ఇప్పుడు పైపులో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. స్వామితో నాకు స్నేహం లేదు. మర్రిగూడ సెంటర్లో, మూడు చక్రాల బండి మీద ఉండగా చూశాను, అంతే. వయసులో నాకంటే చిన్నవాడు. అయినా ఆయన పోయిన వార్త విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. కారణం మా అక్క.

మా అక్కది కూడా అదే జబ్బు. స్వామి అంత కాదు. ఆమెకు ముప్పై దాటాక మొదలైంది. ముందు నడుము నొప్పి అన్నది, తర్వాత మోకాళ్ళు. వరి నాట్లకు పోయి వంగితే లేవలేకపోయేది. వాతం అనుకుని నూనెలు రాశాం, పసరు తాగించాం, నొప్పి గోళీలు మింగించాం. ఆ తర్వాత మెడ పట్టేసింది. ఇప్పుడు ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చోలేదు, వెల్లకిలా పడుకోలేదు. రాత్రి వీపు కింద పాత చీరలు మడతపెట్టి ఆనించుకుని, సగం కూర్చుని నిద్రపోతుంది. జడ వేసుకోవడానికి చెయ్యి తల దాకా లేవదు, మా మేనకోడలే వేస్తుంది. ఇలాంటి మనుషులు మా వైపు ఊరూరా ఉన్నారు. నీళ్ళు వదిలేటప్పుడు ప్రతి వాకిలీ చూస్తాను కాబట్టి ఎవరింట్లో ఎవరు ఎట్లా ఉన్నారో నాకు తెలుసు.

ఒక సంగతి మా ఊరికి వచ్చి చూస్తే మీకే కనపడుతుంది. చిన్నప్పుడే బతుకుదెరువుకు బొంబాయో హైదరాబాదో పోయి అక్కడే ఉండిపోయిన వాళ్ళు దసరాకు ఊరికి వస్తే నిటారుగా నడుస్తారు. వాళ్ళ తోడబుట్టిన వాళ్ళే, అదే తల్లి బిడ్డలే, ఊళ్ళో ఉండి పొలం చేసుకున్నవాళ్ళు నడుము వంగి కర్ర పట్టుకుని వాళ్ళకు ఎదురుపోతారు. ఊరి నీళ్ళు ఎన్నేళ్ళు తాగారన్న దాన్ని బట్టి మనిషి నడక మారింది.

ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని చూస్తే తెలియదు. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. మా నేల కింద గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవ ఉన్న నీళ్ళలోకి రాయిలోని ఫ్లోరైడ్ దిగుతుంది. చేదబావులు ఎండిపోయి, బోర్లు లోతుకు వేసిన కొద్దీ ఆ నీళ్ళే పైకి వచ్చాయి. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక మిల్లీగ్రాము దాటకుంటేనే మంచిదని మన దేశ ప్రమాణం. మా బోరింగులు ఆ హద్దు ఎప్పుడో దాటాయి. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకునేవారు. కాస్తే నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట మాకు ముందే ఎవరైనా ఇంటింటికీ తిరిగి చెప్పి ఉంటే ఎంత కట్టె మిగిలేదో, ఎంత ఆశ మిగిలేదో.

తెలియక ఇట్లా జరిగిందని అనడానికి లేదు. 1955లోనే సిద్దిఖీ అనే డాక్టరు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అదే 1955 డిసెంబర్ 10న ఇదే జిల్లాలో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒకే సంవత్సరంలో జబ్బు ఎక్కడుందో తెలిసింది, మంచి నీళ్ళు ఎక్కడ ఆపబోతున్నారో తెలిసింది. సాగర్ నిండింది. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు, హుజూర్‌నగర్ వైపు, ఖమ్మం దాకా పోయింది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు ఎత్తు మీద ఉన్నాయని మాకు రాలేదు. సరే, కాలువ ఎత్తుకు ఎక్కదు, ఒప్పుకుంటాను. కానీ 2004లో కృష్ణ నీళ్ళను కోదండాపురం దగ్గర శుద్ధి చేసి హైదరాబాదుకు ఎక్కించారు కదా. ఆ పెద్ద పైపులు మా పక్కనున్న చింతపల్లి మండలం మీదుగానే పోయాయి. నగరానికి నీళ్ళు ఇవ్వొద్దని నేను అనను, మా ఊరి సగం మంది అక్కడే బతుకుతున్నారు. కానీ పట్నానికి ఎక్కిన నీళ్ళు దారిలో ఉన్న ఊళ్ళకు అప్పుడే ఎందుకు ఎక్కలేదు? ఆ తర్వాతి పదేళ్ళలో పుట్టి పెరిగిన పిల్లల పళ్ళ మీద గార ఇవాళ్టికీ పోలేదు.

పటిక, సున్నం వేసి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేశారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఆ పేరుతోనే దేశదేశాల్లో వాడారు. మా దగ్గర మాత్రం అది నిలవలేదు. రోజూ కొలత ప్రకారం మందు వేయాలి, కలపాలి, తేర్చాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారేయాలి. అది రోజూ ఎవరో ఒకరు దగ్గరుండి చెయ్యాల్సిన పని. ఆ మనిషికి జీతం ఇచ్చేవాళ్ళు లేకపోతే ఏ యంత్రమూ నడవదు, నా పనిని బట్టి ఇది ఖాయంగా చెప్పగలను.

స్వామి దగ్గరికి వస్తాను. ఆయన కంటే ముందు, ఆయనతో పాటు కొట్లాడినవాళ్ళు ఎందరో ఉన్నారు. జల సాధన సమితి పెట్టిన దుశర్ల సత్యనారాయణ గారిని ఈ జిల్లా మరిచిపోదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. నీళ్ళ కోసం జరిగిన నిరసన అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దేశమంతా మా వైపు చూసింది. ఆ ఏడే పార్లమెంటు ఎన్నికలకు డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. అంతమంది నామినేషన్ వేసింది దేనికో ఆ సమస్య అట్లాగే ఉండిపోయింది, మళ్ళీ అంతమంది వేయకుండా మాత్రం ఏర్పాటు జరిగింది.

2003లో ఆ సమితి వాళ్ళు స్వామిని ఢిల్లీ తీసుకెళ్ళి అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారి ముందు ఉంచారు. అప్పటికి ఆయన ఇంకా పిల్లవాడు. ఆ ఫొటో పేపర్లో వచ్చినప్పుడు మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర చేతులు మారుతూ తిరిగింది. మా అక్క దాన్ని కత్తిరించి చాలా రోజులు బియ్యం డబ్బా మీద అంటించుకుంది. ఎందుకే అంటే ఏమీ చెప్పలేదు. ఇప్పుడు అనుకుంటాను, తన నొప్పి తన ఒక్కదానిది కాదని ఆ ఫొటో వల్లే ఆమెకు తెలిసింది. అంతకుముందు ఆమె తనేదో పాపం చేశాననుకుంది.

లెక్కలు ఉన్నాయి, డాక్టర్ల రాతలు ఉన్నాయి, వినతిపత్రాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అవన్నీ ఉన్నా కదలని వాళ్ళు ఒక పిల్లవాడి ఒళ్ళు చూశాక కదిలారు. దాహమైన వాడు నోటితో నీళ్ళు అడిగితే చాలాలి. స్వామి ఒళ్ళు చూపించి అడగాల్సి వచ్చింది, ఒకసారి కాదు, ఎవరు వచ్చినా, ఏ కెమెరా వచ్చినా. ఇరవై ఏళ్ళ పాటు ఆయన అది చేశాడు. ఆయన చేసిన ఉద్యమం అదే అని నా అభిప్రాయం. మైకు పట్టి మాట్లాడిన వాళ్ళకు దండలు పడతాయి, పదవులు కూడా వస్తాయి. ఊరికే కూర్చుని తనను చూడనివ్వడం ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను. కొత్తవాళ్ళు వస్తే మా అక్క ఇప్పటికీ లోపలికి పోతుంది. స్వామి పోలేదు. వాకిట్లోనే ఉండి అందరికీ కనపడ్డాడు.

నీళ్ళు వచ్చిన మాట నిజం. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఈ ఇంటింటి నీళ్ళ పథకానికి పైలాన్ పెట్టారు, అదే నెలలో డిండి ఎత్తిపోతలకు స్వామి ఊరు శివన్నగూడెంలోనే శంకుస్థాపన జరిగింది. తర్వాత భగీరథ పైపులు వచ్చాయి. మొదటిసారి ఆ నీళ్ళు మా ట్యాంకులోకి ఎక్కిన రోజు నేను పైన మూత తీసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆ పని చేసినవాళ్ళందరికీ దండం పెడతాను, ఏ పార్టీ అని చూడను. స్వామి ఇల్లు కట్టుకోవడానికి అప్పటి మంత్రి కేటీఆర్ గారు సాయం చేశారు, 2022 అక్టోబరులో ఆ ఇంటికి వచ్చి ఆయనతో కలిసి భోజనం చేశారు. దాన్నీ తక్కువ చేయను. నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నిక. ఆ నెలంతా ప్రతి వేదిక మీదా ఫ్లోరైడ్ మాటే. పోలింగ్ అయిపోయి నెల తిరక్కముందే స్వామి తన బండి మీద నుంచి కింద పడి, దెబ్బ తగిలి చనిపోయాడు. నలభై ఏళ్ళు నిండలేదు.

బండి మీద నుంచి పడి చనిపోవడమేమిటని ఒకరు నాతో అన్నారు. ఈ జబ్బు తెలియని వాళ్ళు అట్లాగే అనుకుంటారు. మనం పడబోతే చెయ్యి ఆనించుకుంటాం, ఒళ్ళు వంచుతాం, తల పక్కకు తిప్పుకుంటాం. వీళ్ళకు చెయ్యి చాచడం రాదు, మెడ తిరగదు, వెన్ను వంగదు. కట్టె పడ్డట్టు పడతారు. ఎముక గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ పెళుసుగా ఉంటుంది. మా అక్క గడప దగ్గర పడి తుంటి విరిగి ఆరు నెలలు మంచాన ఉంది. అందుకే అంటున్నాను, స్వామిని చంపింది ఆ బండి కాదు. పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్ళు.

2020లో తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని కేంద్రం ప్రకటించింది. ఆ ప్రకటన నీళ్ళ గురించి. నల్లాలో వచ్చే నీళ్ళ వరకు అది సరే. కానీ ఆ తర్వాత నుంచి ఏ ఆఫీసుకు పోయినా ఒకటే మాట వింటున్నాం, ఫ్లోరైడ్ పోయింది కదా అని. పైపు మారితే ఎముక మారదు. ఈ జబ్బు ఒకసారి ఎముకలో చేరాక వెనక్కి తీసే మందు లేదు. నొప్పి తగ్గించడం, కీళ్ళు ఇంకా బిగుసుకోకుండా కసరత్తు చేయించడం, పాలు, కాల్షియం ఉన్న తిండి పెట్టడం, వెన్నులో నరం నొక్కుకుంటే ఆపరేషన్ చేయడం, ఇవే చేయగలిగినవి. చేయగలిగినవి కూడా జరగడం లేదన్నదే నా బాధ. మా మండలంలో ఫిజియోథెరపీ కావాలంటే ఆటో మాట్లాడుకుని నల్లగొండ పోవాలి. ఆటోలో కూర్చోలేని మనిషి కీళ్ళ కసరత్తు కోసం ఆటోలో పోవాలి.

పింఛను సంగతి కూడా చెప్పాలి. వికలాంగుల పింఛను ఇప్పుడు 4,016 రూపాయలు. అది రావాలంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. మా అక్కను మొదటిసారి క్యాంపుకు తీసుకుపోతే చేతులు లేపమన్నారు, కాళ్ళు చాపమన్నారు, రాసుకున్నారు. శాతం తక్కువ వచ్చింది. కాళ్ళూ చేతులూ విడివిడిగా చూస్తే అన్నీ ఉన్నాయి, విరిగినవి లేవు. మెడ, వెన్ను, తుంటి కలిసి బిగుసుకుపోతే మనిషి ఏమవుతుందో ఆ కాగితంలో రాసే గడి లేదట. మళ్ళీ స్లాట్ బుక్ చేసి, ఎక్స్‌రేలు తీయించి పట్టుకుపోతే అప్పుడు వచ్చింది. వెంట తిరిగే తమ్ముడు లేని వాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఫ్లోరోసిస్ ఆ జాబితాలో పేరు పెట్టి లేదు.

ఇంకొకటి, నీళ్ళు తాగడం కూడా పూర్తిగా మారలేదు. పైపు పగిలిన రోజు, కరెంటు పోయిన రోజు జనం పాత బోరింగుకే పోతారు. పత్తి ఏరడానికి పోయిన కూలీలు పొలం బోరు దగ్గర సీసాలు నింపుకుంటారు. ఎండాకాలం ఒక్కొక్కరు తాగేది తక్కువ నీళ్ళా? భగీరథ నీళ్ళకు బ్లీచింగ్ వాసన వస్తుందని బోరు నీళ్ళతోనే పప్పు ఉడకబెట్టే ఇళ్ళు నాకు తెలుసు. పప్పు తొందరగా ఉడకదు, అయినా అలవాటు. వాళ్ళకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది, వాటర్‌మన్ మాట ఎవరు వింటారు? డాక్టరో సర్పంచో చెబితే వింటారు.

అందుకని అధికారులను, ప్రజాప్రతినిధులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. స్వామి పేరు మీద ముందుగా ఒక సర్వే చేయండి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ప్రతి ఊళ్ళో ఈ మనుషులు తెలుసు. పేరు, వయసు, ఏ కీలు పనిచేయడం లేదు, పింఛను వస్తుందా లేదా అని రాసి ఆ పట్టిక పంచాయతీలో పెట్టండి. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 2008-09 నుంచే ఉంది, బాధితులకు వైద్యం, పునరావాసం కూడా అందులో భాగమే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. సదరం డాక్టర్లే మండలానికి వచ్చి, మంచం మీద ఉన్నవాళ్ళను ఇంటికి పోయి చూడాలి. వెన్ను, మెడ కలిపి లెక్కగట్టే పద్ధతి రాసివ్వాలి. వారానికి ఒక రోజన్నా ఫిజియోథెరపీ మనిషి మండల కేంద్రంలో ఉండాలి. ఈ ఒంటికి సరిపడా బండ్లు ఇవ్వాలి, వెనకా పక్కలా ఆసరా, నడుముకు పట్టీ ఉన్నవి. అది పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళో పాత బోర్లన్నీ పరీక్షించి, ఫ్లోరైడ్ హద్దు దాటిన వాటికి ఎర్ర రంగు వేసి, ఎంత ఉందో అంకె పక్కనే రాయించండి. రంగు నేను వేస్తాను, కూలి అడగను.

నవంబర్ 26న ఏదైనా చేయాలని ఎవరైనా అనుకుంటే, ఆ రోజు మా మండలాల్లో గ్రామసభ పెట్టి బోర్ల పరీక్ష ఫలితాలు, బాధితుల పేర్లు చదివించండి. పేర్లు చదివేటప్పుడు ఆ మనుషులు అక్కడే కూర్చుని ఉండాలి, వాళ్ళకు కుర్చీలు వేయాలి, కింద కూర్చోలేరు.

మీ విలేకరిని పంపితే నేను వెంట తిరిగి చూపిస్తాను. పొద్దున ఎనిమిది దాకా వాల్ దగ్గర పని ఉంటుంది, ఆ తర్వాత ఎప్పుడైనా సరే. మా అక్కను ముందే అడిగాను, ఫొటో తీసుకోనిస్తానంది.

ఇట్లు,
ఒక పంచాయతీ వాటర్‌మన్,
చండూరు ప్రాంతం, నల్లగొండ జిల్లా.
(పేరు వేయవద్దని మనవి)